అడిగితేనే అందే హక్కులు

(మన దేవాలయ సభ్య కుటుంబాల సమావేశంలో భోజనాలకు ముందు ఒక వాలంటీరు చేసిన ప్రసంగం. సభ్యుల కోరిక మీద ఇక్కడ ఇస్తున్నాం.)

నన్ను మీలో చాలామంది పండగ రోజుల్లో పార్కింగ్ దగ్గర పసుపురంగు జాకెట్‌లో చూసి ఉంటారు. మిగతా రోజుల్లో నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. లాయర్ని మాత్రం కాను. ఈ సంగతి ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఇవాళ మాట్లాడేది చట్టం గురించి. మీకు నిజంగా అవసరం పడినప్పుడు నా మాట మీద ఆగిపోకుండా లాయరును అడగండి. అసలు అడగడానికి ఏమేం ఉన్నాయో తెలియక మనవాళ్ళు నష్టపోతున్నారు. అంతవరకు నేను చెప్పగలను.

మన ఇళ్ళలో ఒక సామెత ఉంది. కోర్టుకెక్కితే ఓడినవాడు కోర్టులో ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడుస్తాడు అని. మా నాన్నగారు ఇది ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. పోలీసు స్టేషన్ గడప తొక్కకుండా బతుకు వెళ్ళిపోతే అదే పుణ్యం అని పెరిగినవాళ్ళం మనం. సామాను సర్దుకుని ఈ దేశం వచ్చేటప్పుడు ఆవకాయతో పాటు ఆ భయాన్ని కూడా తెచ్చుకున్నాం.

ఒక జరిగిన కథ చెప్తాను. ఆ కుటుంబాన్ని అడిగే చెప్తున్నాను. పేర్లు చెప్పను.

తొమ్మిదేళ్ళ కిందట నేను ఇక్కడే బే ఏరియాలో ఒక అపార్ట్‌మెంటులో ఉండేవాణ్ణి. చదువు అయిపోయి ఓపీటీ మీద పనిచేస్తున్నాను. హెచ్-1బి దరఖాస్తు నడుస్తోంది. పక్క వాటాలో వరంగల్ వాళ్ళు ఉండేవారు. ఆ అన్నయ్య వాళ్ళ అమ్మగారు ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చారు. అరవై ఏడేళ్ళు. నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. రోజూ సాయంత్రం చీర మీద స్వెటర్ వేసుకుని, స్పోర్ట్స్ బూట్లు తొడుక్కుని వాకింగుకి వెళ్ళేవారు.

ఒకరోజు కారు ఒకటి ఆమె పక్కన ఆగింది. ఒకతను దిగి ఏదో అడ్రసు అడిగినట్టు నటించి, మెడలో పుస్తెలతాడు లాగాడు. పెద్దమ్మ కింద పడిపోయారు. మెడ గీరుకుపోయింది, మణికట్టు బెణికింది. నేను అప్పుడు బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను. అంతా చూశాను. కారు రంగు, నంబరులో చివరి మూడు అంకెలు, అతని ముఖం కూడా చూశాను. కిందికి పరుగెత్తి ఆమెను లేపాను. కానీ పోలీసులు వచ్చేసరికి నా గదిలోకి వెళ్ళిపోయాను. సాక్షిగా పేరు ఇస్తే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో వస్తుందని, హెచ్-1బి పోతుందని రూమ్మేట్ అన్నాడు. నేను నమ్మాను. నమ్మడం నాకప్పుడు సౌకర్యంగా కూడా ఉంది, నిజం చెప్పాలంటే.

మూడు వారాలకు అతను ఇంకో చోట ఇలాంటి పనే చేస్తూ దొరికాడు. కారులో నగలు దొరికాయి. పెద్దమ్మ పుస్తెలు అందులో ఉన్నాయి. ఆమె గుర్తుపట్టారు. ఇంకేముంది, దొంగ దొరికాడు, బంగారం దొరికింది అనుకున్నాం. తర్వాత నెలన్నరకు ఆమె తిరుగు ప్రయాణం టికెట్టు ఉంది. వెళ్ళిపోయారు. ఆమె వెళ్ళిపోతున్నారని ప్రాసిక్యూటర్‌కు ఎవరూ చెప్పలేదు. కోర్టు తేదీ వచ్చేసరికి బాధితురాలు వరంగల్‌లో ఉంది, చూసిన సాక్షి పక్క వాటాలో నోరు మూసుకుని ఉన్నాడు. ఆమెకు సంబంధించిన అభియోగం వదిలేశారు. మిగతా వాటికి అతనికి శిక్ష పడింది. పుస్తెలు మాత్రం సాక్ష్యాల గదిలోనే ఉండిపోయాయి.

ఇక్కడ మన తప్పేమిటో, చట్టంలో ఏముందో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి సంగతి, క్రిమినల్ కేసు ఎవరిది? కాలిఫోర్నియాలో కేసు కాగితం మీద "పీపుల్ ఆఫ్ ది స్టేట్ ఆఫ్ కాలిఫోర్నియా వర్సెస్" అని ఉంటుంది. అంటే ఫిర్యాది ప్రభుత్వం. పుస్తెలు పోయింది పెద్దమ్మకే అయినా, కేసులో ఆమె కక్షిదారు కాదు, సాక్షి మాత్రమే. డిస్ట్రిక్ట్ అటార్నీ ఆమె తరఫు లాయరు కాదు, రాష్ట్రం తరఫు లాయరు. నిందితుడికి లాయరును పెట్టుకునే హక్కు రాజ్యాంగంలోనే ఉంది. బాధితులు మాత్రం చాలాకాలం కోర్టు బయట బెంచీ మీద కూర్చుని, లోపల ఏం జరుగుతోందో తెలియక ఇంటికి పోయేవారు.

ఇది సరికాదని ఇక్కడివాళ్ళే పోరాడారు. 1982లో బాధితుల పరిస్థితి మీద అధ్యక్షుడి టాస్క్ ఫోర్స్ నివేదిక వచ్చింది. 1984లో బాధితుల సహాయానికి ఫెడరల్ నిధి ఏర్పాటైంది. ఆ నిధిలోకి వచ్చేది ప్రధానంగా ఫెడరల్ నేరస్థులు కట్టే జరిమానాలే. 2004లో ఫెడరల్ కేసుల్లో బాధితుల హక్కుల చట్టం వచ్చింది. కాలిఫోర్నియాలో 2008 నవంబరులో ఓటర్లు మార్సీ చట్టాన్ని ఆమోదించారు. మార్సీ అనే అమ్మాయి సాంటా బార్బరాలో చదువుకునేది. 1983లో హత్యకు గురైంది. వారం రోజులకు ఆమె తల్లి, అన్న సమాధి దగ్గరకు వెళ్ళి వస్తూ ఒక కిరాణా కొట్లో ఆగితే, నిందితుడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. బెయిలు మీద బయటికి వచ్చాడని వాళ్ళకు ఒక్కరూ చెప్పలేదు. ఆ తల్లి పడ్డ బాధ ఇంకొకరు పడకూడదని ఆ చట్టం.

మార్సీ చట్టం రాష్ట్ర రాజ్యాంగంలో 17 హక్కులు రాసింది. కేసు తేదీలు తెలుసుకోవడం, బెయిలు, శిక్ష, పెరోల్ సమయంలో మన మాట వినిపించుకోవడం, నిందితుడి లాయరు పిలిస్తే ఇంటర్వ్యూకు వెళ్ళనని చెప్పడం, నష్టపరిహారం పొందడం, సాక్ష్యంగా అవసరం తీరాక మన వస్తువు మనకు తిరిగి రావడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. పోలీసులు ఈ హక్కులు రాసి ఉన్న కార్డు బాధితులకు ఇవ్వాలి. ఆ రోజు పెద్దమ్మ వాళ్ళకూ ఇచ్చారు. అన్నయ్య దాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతంతో పెట్టాడు. ఏడాది పాటు అక్కడే ఉంది.

నేను ఆ కార్డు చదివింది చాలా ఆలస్యంగా. చదివినప్పుడు నా కంటికి ఆనింది ఒకటే మాట. చాలా హక్కుల పక్కన "కోరినచో" అని ఉంది. కేసు తేదీలు చెప్తారు, కోరినచో. మీ మాట వింటారు, కోరినచో. శిక్ష ఏం పడిందో, ఎప్పుడు విడుదలవుతాడో చెప్తారు, కోరినచో. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఇది నోటిఫికేషన్ల లాంటిది. సెట్టింగు ఉంది, కానీ మొదట ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేసుకోవాల్సింది మనమే.

మనవాళ్ళకు అడగడం అలవాటు లేదు. పెద్ద ఆఫీసులో మనమేం అడుగుతాం, వాళ్ళే చెప్తారులే అనుకుంటాం. వాళ్ళు చెప్పరు. చెడ్డవాళ్ళై కాదు. వాళ్ళ ముందున్న ఫైళ్ళు అన్ని.

ఇక సాక్షి సంగతి. సబ్‌పీనా అంటే కోర్టుకు రమ్మనే ఆదేశం. అది మన మీద కేసు కాదు. అలాగని చెత్తబుట్టలో వేసేదీ కాదు. సబ్‌పీనా మీద కోర్టుకు వెళ్ళినందుకు ఉద్యోగం తీసేయడాన్ని కాలిఫోర్నియా చట్టం ఒప్పుకోదు. మేనేజరుకు ముందుగా చెప్పాలి, అంతే. ఇంగ్లీషు రాని సాక్షికి కోర్టు దుభాషిని పెట్టాలి. "మా అమ్మకు తెలుగు దుభాషి కావాలి" అని వారాల ముందే చెప్పండి. తెలుగు దుభాషులు స్పానిష్ దుభాషుల్లా ప్రతి కోర్టులో దొరకరు. పోలీసుల దగ్గర కూడా కొడుకో కోడలో అనువాదం చేయడం మంచిది కాదు. పెద్దమ్మ చెప్పింది ఒకటి, అన్నయ్య కంగారులో చెప్పింది ఒకటి అయింది. కొన్ని నేరాల్లో బాధితులు సాక్ష్యం చెప్పేటప్పుడు ఇద్దరు తోడు మనుషులను వెంట ఉంచుకోవచ్చు.

సాక్షి బోనులో కూర్చున్నప్పుడు తెలియనిది తెలియదనండి, గుర్తులేనిది గుర్తులేదనండి. అందులో సిగ్గేమీ లేదు. ఇంకో చిన్న మాట. మనం తల ఊపితే అవునో కాదో వీళ్ళకు ఎప్పటికీ అర్థం కాదు. పైగా అక్కడ ప్రతి మాటా రాసుకుంటారు, తల ఊపడాన్ని రాసుకోలేరు. నోటితో చెప్పండి.

ఇప్పుడు చెప్పబోయేది మన ఇళ్ళకు వచ్చే అమ్మానాన్నల కోసం. దయచేసి గుర్తుపెట్టుకోండి. కాలిఫోర్నియాలో నిందితుడి మీద కేసు పెట్టాక, ముఖ్యమైన సాక్షి రాష్ట్రం వదిలి వెళ్ళిపోతున్నా, 65 ఏళ్ళు దాటినా, జబ్బుతో ఉన్నా, విచారణ కంటే ముందే వాంగ్మూలం నమోదు చేయమని కోర్టును కోరే వీలుంది. నిందితుడి లాయరు కూడా అక్కడ ఉండి ప్రశ్నలు అడుగుతారు, అది అతని హక్కు. జడ్జి ఒప్పుకుంటే ఆ వాంగ్మూలం తర్వాత పనికొస్తుంది. పెద్దమ్మకు 67 ఏళ్ళు, చేతిలో టికెట్టు ఉంది. రెండు కారణాలూ ఉన్నాయి. "మా అమ్మ ఫలానా తేదీన వెళ్ళిపోతోంది" అని అన్నయ్య ఒక్క ఫోన్ చేసి ఉంటే, ప్రాసిక్యూటర్ ఆ ప్రయత్నమైనా చేసేవారు. ఆ ఫోన్ చేయాలని మాలో ఎవరికీ తెలియదు.

వీసా భయం గురించి సూటిగా మాట్లాడుకుందాం. బాధితులుగా ఫిర్యాదు ఇవ్వడం, సాక్షిగా నిజం చెప్పడం నేరచరిత్ర కాదు. దరఖాస్తుల్లో అడిగే అరెస్టులు, శిక్షల ప్రశ్నలకు దానితో సంబంధం లేదు. కాలిఫోర్నియాలో 2017 నాటి చట్టం ప్రకారం స్థానిక పోలీసులు మన వీసా స్థితి గురించి ఆరా తీయకూడదు. నా రూమ్మేట్ చెప్పింది తప్పు. నేను దాన్ని కనుక్కోవడానికి ఒక గంట కూడా పెట్టలేదు.

పైగా చట్టం బాధితులకు కొన్ని దారులు తెరిచింది. 2000లో వచ్చిన యు వీసా తీవ్రమైన దాడి, గృహహింస, బలవంతపు వసూళ్ళు, మనుషుల అక్రమ రవాణా వంటి నేరాలకు గురై, గట్టిగా నష్టపోయి, దర్యాప్తుకు సహకరించినవారికి. ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు, ఏళ్ళ తరబడి క్యూ ఉంది. మామూలు దొంగతనం ఆ జాబితాలో లేదు. దాన్ని సులువు దారి అని చెప్పేవాళ్ళను నమ్మకండి. ఇంకోటి, హెచ్-4 మీద ఉన్న భార్యను లేదా భర్తను హెచ్-1బి మీద ఉన్న జీవిత భాగస్వామి హింసిస్తే, బాధితులు ఐ-765వి అనే ఫారం మీద తమంతట తాము పని అనుమతి కోరవచ్చు. "నేను వీసా రద్దు చేస్తే నువ్వు ఇండియా పోతావు" అనే బెదిరింపు వింటున్నవాళ్ళు ఈ హాల్లో లేరని నేను అనుకోను.

ఇక్కడ పెద్దలకు ఒక విన్నపం. చనువుగా అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి. ఒక అమ్మాయి మీ దగ్గరకు వచ్చి కొడుతున్నాడని చెప్తే, "సర్దుకుపో తల్లీ, పోలీసుల దాకా ఎందుకు, పరువు పోతుంది" అని చెప్పి పంపకండి. బాధితులు రిపోర్టు ఇవ్వకుండా, సాక్షులు సాక్ష్యం చెప్పకుండా ఆపబోవడం ఈ రాష్ట్రంలో నేరం కావచ్చు. మీ మనసులో ఉన్నది మంచే అయినా సరే. కేసు పెట్టాక "వెనక్కి తీసుకుంటాను" అనే హక్కు కూడా ఆ అమ్మాయికి లేదు, ఎందుకంటే ముందే అనుకున్నట్టు కేసు రాష్ట్రానిది. కాబట్టి ఆమె మీద ఒత్తిడి తెచ్చి లాభం లేదు. బదులుగా జాతీయ గృహహింస హెల్ప్‌లైన్ నంబరు 1-800-799-7233 చేతిలో పెట్టండి. 24 గంటలూ పలుకుతుంది, దుభాషి కూడా దొరుకుతారు. మన బే ఏరియాలోనే మైత్రి, నారిక అనే సంస్థలు దక్షిణాసియా ఆడవాళ్ళ కోసం 1990ల తొలి ఏళ్ళ నుంచి పనిచేస్తున్నాయి.

డబ్బు సంగతి రెండు మాటల్లో. అమెరికాలో బాధితుల పరిహారం మొదట పెట్టింది కాలిఫోర్నియానే, 1965లో. ఇప్పుడు అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. నియమాలు వేరు వేరు. ఇక్కడ దాడి వంటి నేరాల్లో ఇన్సూరెన్సు భరించని వైద్యం, కౌన్సెలింగ్, పోయిన జీతం, అంత్యక్రియల ఖర్చు ఇస్తారు. గరిష్ఠం 70,000 డాలర్లు, నేరం జరిగిన ఏడేళ్ళలోపు దరఖాస్తు చేయాలి, పౌరసత్వం అక్కర్లేదు. పోయిన బంగారానికి మాత్రం ఇవ్వరు. అది నేరస్థుడు కట్టాల్సిన నష్టపరిహారం కింద కోర్టును అడగాలి. అందుకే ఇంట్లో ఉన్న నగల ఫొటోలు, బిల్లులు ఈ వారాంతంలోనే ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఇవన్నీ నింపడానికి ప్రతి కౌంటీలో విక్టిమ్ విట్‌నెస్ సహాయ కేంద్రం ఉంది. పైసా తీసుకోరు.

సాక్షి ఎంత ముఖ్యమో మన తెలుగువాళ్ళకు బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపారు. మాదసాని అలోక్ గాయపడ్డారు. అడ్డుకోబోయిన ఇయాన్ గ్రిలట్ అనే అమెరికన్ యువకుడికి తూటా తగిలింది. కాల్చినవాడు పారిపోయి పక్క రాష్ట్రం మిస్సోరిలో ఒక రెస్టారెంటులో చేరి, తాను చేసిన పని చెప్పుకున్నాడు. అది విన్న బార్‌టెండర్ 911కి ఫోన్ చేయడంతో పోలీసులు వచ్చి పట్టుకున్నారు. ఆ ఫోన్ చేసిన మనిషి శ్రీనివాస్‌ను ఎప్పుడూ చూసి ఉండరు. 2018లో రాష్ట్ర కోర్టులో, ఫెడరల్ కోర్టులో కూడా అతనికి యావజ్జీవ శిక్షలు పడ్డాయి. భర్త పోవడంతో ఇక్కడ ఉండే ఆధారమే పోయిన సునయన, ఒక కాంగ్రెస్ సభ్యుడి సాయంతో మళ్ళీ పని అనుమతి తెచ్చుకుని నిలబడ్డారు.

ఈ సంగతి చదివిన ప్రతిసారీ నాకు నా బాల్కనీ గుర్తొస్తుంది. ముక్కూ ముఖం తెలియని మనిషి ఒకరు ఫోన్ తీశారు. రోజూ నాకు పెరుగన్నం డబ్బా పంపిన పెద్దమ్మ కోసం నేను తీయలేదు.

కథ చివర చెప్పి ముగిస్తాను. ఏడాది దాటాక అన్నయ్య ఇంటికి భోజనానికి వెళ్తే, వీడియో కాల్‌లో పెద్దమ్మ కనిపించారు. మెడలో పసుపు తాడు, దానికి పసుపు కొమ్ము. "ఆ పుస్తెలు మా అమ్మ కట్టించినవి నాయనా, కొత్తవి చేయించుకోవాలంటే మనసొప్పట్లేదు" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు అన్నయ్యకు నేను చూసిందంతా చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఫ్రిజ్ మీద కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. ఇద్దరం కూర్చుని చదివాం. వస్తువు తిరిగి పొందే హక్కు అందులోనే ఉంది. కేసు నంబరు వేసి, పెద్దమ్మ సంతకంతో అధికార పత్రం తెప్పించి, ఒక పేజీ ఉత్తరం రాశాం. అయిదు వారాలకు వచ్చి తీసుకెళ్ళమని ఫోన్ వచ్చింది. ఎవరూ ఎదురు చెప్పలేదు, ఎవరూ లంచం అడగలేదు. అప్పటిదాకా ఎవరూ అడగలేదు కాబట్టి అవి అక్కడ ఉన్నాయి, అంతే.

అన్నయ్య వాటిని వరంగల్ తీసుకెళ్ళాడు. పెద్దమ్మ నాకు ఫోన్ చేసి, "ఇంతేనా నాయనా? అడిగితే ఇస్తారా?" అన్నారు. అవును పెద్దమ్మా అన్నాను. నేను ఆరోజు ఎందుకు కిందికి రాలేదని మాత్రం ఆమె అడగలేదు. అడిగితే బాగుండేది.

బయట చెప్పుల స్టాండు పక్కన బల్ల మీద ఒక కాగితం పెట్టాను. కౌంటీ సహాయ కేంద్రాన్ని ఏమేం అడగాలో తెలుగులో ఒక పేజీలో రాశాను. ఒకటి తీసుకెళ్ళండి. ఎవరికైనా కోర్టుకు తోడు మనిషి కావాలంటే పార్కింగ్ దగ్గర నన్ను అడగండి. ఈసారి వస్తాను.